బొమ్మలు గీయు మోడళ్లు: వెలుపలి డ్రైవులో వానిని భద్రపఱచుకొనుట

గృహమున ధాన్యమునకు గాదెయు, ఊరగాయకు జాడీయు, నగలకు ఇనుప బీరువాయు వేఱువేఱుగా నేర్పడి యున్నవి. ఏ వస్తువు నెచ్చట నుంచిన చెడకుండునో యెఱుగుట గృహిణికి పుట్టుకతో వచ్చిన విద్య యని లోకము తలంచును గాని, అది యనుభవమువలన గడించిన విద్యయే. ఇప్పుడు మన యిండ్లలోనికి క్రొత్త సరకొకటి వచ్చినది. మనము మాటలతో వర్ణించి చెప్పగా బొమ్మ గీసి యిచ్చు కృత్రిమ మేధా మోడళ్లే యా సరకు. చీరె యంచులకు, రవికెల కుట్టుపనికి, శుభలేఖలకు, పిల్లల కథలకు వీని సాయమున బొమ్మలు సిద్ధపఱచుకొను స్త్రీలు నేడు పలువురు గలరు. వారిలో కొందఱికిది చేతిఖర్చులకు ఆధారమైన పనియు నగుచున్నది. ఈ మోడళ్లను వెలుపలి డ్రైవులో దాచుకొనునపుడు కలుగు చిక్కులను, వాని కారణములను, నివారణోపాయములను మా సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మోడలనగా నేమి?

మోడలనగా బొమ్మల పుస్తకము కాదు. దానిని తెఱచి చూచినచో ఒక్క బొమ్మయైనను కానరాదు. కోట్లకొలది చిత్రములను, వానిని గూర్చిన వ్రాతలను చూపి యంత్రమునకు శిక్షణ మిచ్చిన పిమ్మట మిగిలిన సంఖ్యల మూటయే మోడలు. ఆ సంఖ్యలు కోట్లలో నుండును. ఒక్కొక్క సంఖ్యకు సాధారణముగా రెండు బైట్లో నాలుగు బైట్లో చోటు కావలెను. కావుననే దాని పరిమాణ మంత గొప్పది.

2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అను మోడలు సర్వజనులకును లభ్యమైనది. జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రన్‌వే, స్టెబిలిటీ ఏఐ అను సంస్థలవారు దాని నిర్మాణమున పాలుగొనిరి. దాని ముఖ్యమైన ఫైలు 4.27 గిగాబైట్లు. 2023 జూలైలో వెలువడిన ఎస్‌డీఎక్స్‌ఎల్ అను మోడలు 6.94 గిగాబైట్లు. 2024 ఆగస్టులో బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ అను సంస్థవారు వెలువరించిన ఫ్లక్స్ మోడలులో 1,200 కోట్ల సంఖ్యలు గలవు. ఒక్కొక్కదానికి 2 బైట్ల చొప్పున అది దాదాపు 24 గిగాబైట్లగును. మన మాటలను గ్రహించుటకై దానికి తోడుగా నుంచవలసిన టీ5 అను భాగము పూర్తి రూపమున మఱి 10 గిగాబైట్లకు చేరువగా నుండును. రెండేండ్లలో సరకు అయిదు రెట్లకు మించి పెరిగినదన్నమాట. 256 గిగాబైట్ల చోటుగల ల్యాప్‌టాప్‌లో విండోసును, ఇంటి ఫోటోలను, పిల్లల చదువు సామగ్రిని పోగా నిట్టి మోడళ్లు నాలుగైదు పట్టుటయే కష్టము. కాబట్టి వెలుపలి డ్రైవు కొనుట తప్పనిసరి యగుచున్నది.

ఇంట నేల దాచుకొనవలెను?

కావలసినపుడెల్ల ఇంటర్నెట్టునుండి తెచ్చుకొనరాదా యని కొందఱడుగవచ్చును. దినమునకు రెండు గిగాబైట్ల మితముగల ఫోను డేటాతో 24 గిగాబైట్ల మోడలును తెచ్చుకొనుటకు పండ్రెండు దినములు పట్టును. ఇది మొదటి సమాధానము. రెండవది యింకను ముఖ్యమైనది. నేడున్నది రేపుండునను నమ్మకము లేదు. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 అను మోడలును హగింగ్ ఫేస్ అను భాండారమున నుంచిన రన్‌వే సంస్థవారు 2024 ఆగస్టు నెలాఖరున తమ పుటలను తొలగించిరి. ఇతరులుంచిన ప్రతులు లభించినవి గాని, పాత చిరునామాపై నాధారపడిన ప్రోగ్రాములు పలువురికి నిలిచిపోయినవి. ఇంట ప్రతి నుంచుకొనినవారికి మాత్రము పని యాగలేదు. మూడవ కారణము మన యిల్లు. మోడలు మన కంప్యూటరులోనే పనిచేసినచో బిడ్డల ఫోటోలు, చుట్టముల ఫోటోలు పరుల యంత్రములకు పోవు నవసర ముండదు.

అయినను ఒక భ్రమను ముందుగా తొలగింపవలెను. వెలుపలి డ్రైవు చోటు కొఱతను మాత్రమే తీర్చును. బొమ్మ గీయు వేగము గ్రాఫిక్స్ కార్డుయొక్క శక్తిని, దాని సొంత జ్ఞాపకశక్తిని బట్టి యుండును. వంటయింట గాదె పెద్దదైనంతమాత్రమున పొయ్యి పెద్దది కాదు గదా!

మొదటి చిక్కు: చోటున్నను పట్టలేదనుట

క్రొత్త డ్రైవులో వందల గిగాబైట్లు ఖాళీగా నుండగా, ఏడు గిగాబైట్ల మోడలును దానిలో నుంచబోయినచో ఫైలు మిక్కిలి పెద్దదని కంప్యూటరు నిరాకరించుట కలదు. డ్రైవు చెడినదని తలంచి దుకాణమునకు మరల పంపువారును గలరు. దోషము డ్రైవుది కాదు, దాని యమరికది. డ్రైవులోని చోటును అరలుగా విభజించి, ఏ ఫైలెచ్చట నున్నదో లెక్క వ్రాసికొను పద్ధతులు కొన్ని గలవు. వానిలో ఫ్యాట్ 32 అను పాత పద్ధతియందు ఒక్కొక్క ఫైలు 429,49,67,295 బైట్లకు మించరాదు. ఆ పద్ధతిలో ఫైలుయొక్క కొలతను వ్రాయు గడి యంతవఱకే చాలును. 2022 నాటి 4.27 గిగాబైట్ల మోడలు కొద్ది మిగులుతో దానిలో పట్టెను. ఎస్‌డీఎక్స్‌ఎల్ మాత్రము పట్టదు. నిన్నటిదాక పట్టిన డ్రైవు నేడేల పట్టదను సందేహమునకు సమాధాన మిదియే.

దీనికి మందు డ్రైవును వేఱు పద్ధతిలో మరల సిద్ధపఱచుట, అనగా ఫార్మాటు చేయుట. ఫార్మాటు చేయగానే లోపలి సరకంతయు పోవును. కనుక ముందుగా ప్రతి ఫైలును వేఱొకచోటికి మార్చి, లెక్క సరిచూచుకొని యా పిమ్మటనే యా పనికి పూనుకొనవలెను. విండోసు కంప్యూటరుతో మాత్రమే వాడుకొనువారికి ఎన్‌టీఎఫ్ఎస్ అను పద్ధతి మేలు. విండోసుతోను, ఆపిల్ వారి మాక్‌తోను రెంటను వాడవలసినవారికి ఎక్స్‌ఫ్యాట్ తగియుండును. మాక్ ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవును చదువును గాని, స్వతస్సిద్ధముగా దానిపై వ్రాయజాలదు.

ఈ సందర్భముననే యింకొక సందేహమును తీర్తుము. ఒక టెరాబైటని చెప్పి యమ్మిన డ్రైవును విండోసు 931 గిగాబైట్లని చూపును. దుకాణదారుడు మోసగించెనని కోపగించుకొన నక్కఱలేదు. డ్రైవు చేయువారు వేయేసి చొప్పున లెక్కింతురు, విండోసు 1,024 చొప్పున లెక్కించును. ఊరికొక మానిక యున్నట్లు ఇచటను కొలతపాత్రలు రెండు గలవు. సరకు మాత్రము తగ్గలేదు.

రెండవ చిక్కు: మోడలు మేలుకొనుటకు పట్టు కాలము

బొమ్మ గీయుటకు ముందు మోడలంతయు డ్రైవునుండి కంప్యూటరు జ్ఞాపకములోనికి రావలెను. ఎస్‌డీఎక్స్‌ఎల్‌నే దృష్టాంతముగా గైకొందము. పాత యూఎస్‌బీ 2 ద్వారమున క్షణమునకు, అనగా ఒక సెకనునకు, 35 మెగాబైట్ల చొప్పున వచ్చినచో మూడు నిమిషములకు మించి పట్టును. యూఎస్‌బీ 3 ద్వారమునకు తగిలించిన తిరుగుడు పళ్లెముల హార్డు డిస్కు 120 మెగాబైట్ల చొప్పున నిచ్చినను ఒక నిమిషము. అదే ద్వారమునకు తగిలించిన ఎస్ఎస్‌డీ 400 మెగాబైట్లకు పైగా నిచ్చును గాన పదునెనిమిది సెకనులలోపుగా వచ్చును. ఒకసారి లోనికి వచ్చిన పిదప బొమ్మల వేగమున భేదముండదు. కాని మోడలును మార్చినప్పుడెల్ల ఈ నిరీక్షణము మరల మొదలగును. పదిసార్లు మార్చువారు యూఎస్‌బీ 2 ద్వారమున అరగంటకు పైగా పోగొట్టుకొందురు.

ఇందుకు రెండుపాయములు గలవు. ప్రతిదినము వాడు ఒకటి రెండు మోడళ్లను కంప్యూటరు లోపలనే యుంచి, తక్కినవానిని వెలుపల నుంచుట మొదటిది. రోజువాడుక పప్పు చిన్న డబ్బాలోను, ఏడాది సరకు గాదెలోను నుండుట మన కెల్లరకు తెలిసినదే. ఒక్క మోడలుతో చేయవలసిన బొమ్మలన్నియు ముగించుకొని యా పిమ్మట రెండవదానిని తెఱచుట రెండవది.

వేగము తక్కువగా నున్నపుడు డ్రైవును నిందింపక ముందు తీగను పరీక్షింపవలెను. చూపునకు క్రొత్తవిగా నున్న టైప్-సి తీగలలో కొన్ని యూఎస్‌బీ 2 వేగమునకు మించి పోనేరవు. కొన్ని ఫోను ఛార్జింగు కొఱకే చేయబడినవి. డ్రైవుతో వచ్చిన తీగనే వాడుట శ్రేయస్కరము. మఱియు, ఒకే హబ్బునకు మౌసు, కీబోర్డు, ఫ్యాను, డ్రైవు అన్నియు తగిలించినచో డ్రైవునకు చాలినంత విద్యుత్తందక మధ్యలో నూడిపోయినట్లు కనబడుట కలదు. దానిని కంప్యూటరునకే నేరుగా తగిలింపవలెను.

మూడవ చిక్కు: ఇల్లు మారిన చిరునామా

విండోసు ప్రతి డ్రైవునకును ఒక యింగ్లీషు అక్షరమును పేరుగా నిచ్చును. నిన్న ‘ఇ’ యని పిలువబడిన డ్రైవు, నేడు ముందుగా పెన్‌డ్రైవొకటి తగిలించి యుండుటచే ‘ఎఫ్’ కావచ్చును. బొమ్మల ప్రోగ్రాము మాత్రము ‘ఇ’ గుమ్మమువద్దనే నిలిచి తలుపు తట్టును. మోడళ్ల పట్టిక శూన్యముగా కనబడును. సరకంతయు పోయినదని గుండె గుభిల్లుమను క్షణ మదియే. అట్టి వేళ తొందరపడి దేనిని తుడిచివేయరాదు. ముందు డ్రైవునకే యక్షరమున్నదో చూడవలెను. విండోసులోని డిస్కు మేనేజిమెంటు అను చోట ఆ డ్రైవునకు ‘ఎం’ వంటి దూరపు టక్షరమును కేటాయించినచో ఈ బాధ చాలవఱకు తప్పును.

ప్రోగ్రామునకు చిరునామా తెలుపు విధానము ప్రోగ్రామును బట్టి యుండును. కంఫీయూఐ అను ప్రోగ్రాములో ‘ఎక్స్‌ట్రా మోడల్ పాత్స్’ అను చిన్న వ్రాతఫైలు కలదు. దానిలో వెలుపలి ఫోల్డరు పేరు వ్రాసిన చాలును. హగింగ్ ఫేస్ భాండారమునుండి తమంతట తామే మోడళ్లను తెచ్చుకొను ప్రోగ్రాములు వానిని చెప్పకయే లోపలి డ్రైవులో నొక మూల దాచును. వెలుపలి డ్రైవు కొనిన తరువాతను లోపలిచోటు తఱుగుచున్నదని వగచువారు ‘హెచ్ఎఫ్ హోమ్’ అను అమరికను మార్చి, ఆ మూలను వెలుపలికి మరలింపవలెను.

ఇందొక మెలిక కలదు. ఆ భాండారపు పద్ధతిలో ఒక ఫైలును ఒక్కచోటనే యుంచి, ఇతర చోట్ల దానికి గుఱుతుగా లింకుల నుంతురు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి అట్టి లింకులు తెలియవు. అందువలన మోడలునకు క్రొత్త కూర్పు వచ్చినపుడు మారని ఫైళ్లును మరల తేబడి రెండింతల చోటాక్రమింపవచ్చును. ఇంకొకటి: విండోసులో ఎక్స్‌ఫ్యాట్‌గా సిద్ధపఱచిన పెద్ద డ్రైవులో సాధారణముగా ఒక్కొక్క యర 128 కిలోబైట్లుండును. ఒక కిలోబైటు ఫైలైనను ఒక యర నంతను ఆక్రమించును. ఎండుమిరపకాయ కొక్క జాడీ చొప్పున నుంచినట్లగును. బొమ్మల ప్రోగ్రాములో చిన్న ఫైళ్లు వేలకొలది యుండును గనుక, ప్రోగ్రామును లోపలి డ్రైవులోను, పెద్దవైన మోడళ్లను మాత్రము వెలుపలి డ్రైవులోను నుంచుట మంచిది.

నాలుగవ చిక్కు: సగము వ్రాసిన ఫైలు

పని కాగానే డ్రైవును చటుక్కున ఊడబెఱుకుట మన యిండ్లలో సర్వసామాన్యము. తెరమీద నకలు పూర్తియైనట్లు కనబడినను, కొంత భాగ మింకను కంప్యూటరు చేతిలోనే నిలిచి యుండవచ్చును. అప్పుడు తీగ లాగినచో ఫైలు పేరు మిగులును గాని లోపల సంఖ్యలు కొఱవడును. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో మార్పుల చిట్టా యొకటి వ్రాయబడుచుండుటచే ఫోల్డర్ల యమరిక కొంతవఱకు తిరిగి సరిపడును. ఎక్స్‌ఫ్యాట్‌లో నట్టి చిట్టా లేదు, కాబట్టి యచట ప్రమాద మెక్కువ. ‘ఎజెక్ట్’ అను ఆజ్ఞ నిచ్చి, తీయవచ్చునను మాట వచ్చిన పిమ్మటనే తీయవలెను. కరెంటు తఱచుగా పోవు ఊళ్లలో డెస్కుమీది కంప్యూటరునకు యూపీఎస్ ఉండుట యెంతయు నవసరము.

మోడలు చక్కగా వచ్చినదా లేదా యని తెలిసికొనుటకు ఒక మార్గము కలదు. పెద్ద భాండారములలో ప్రతి మోడలు ప్రక్కను షా-256 అను 64 అక్షరముల ముద్ర యొకటి వ్రాసియుందురు. మన కంప్యూటరుచేత మన ప్రతికిని అట్టి ముద్ర వేయించి రెంటిని పోల్చవలెను. ఒక్క బైటు మారినను ముద్ర మారిపోవును. మరియొక జాగ్రత్త: మోడళ్లను ‘సేఫ్‌టెన్సర్స్’ రూపమున నున్నవానినే గైకొనుడు. ‘సీకేపీటీ’ యను పాత రూపమునందు సంఖ్యలతో పాటు ఆజ్ఞలను గూడ దాచవచ్చును. అపరిచితులిచ్చిన యట్టి ఫైలును తెఱచుటయే దొంగకు తలుపు తీయుట కావచ్చును.

మరల దొరకనిదేది?

ఇంతవఱకు చెప్పిన నష్టములన్నియు కాలవ్యయమునకు సంబంధించినవి. పెద్ద మోడలు పోయినచో సాధారణముగా మరల తెచ్చుకొనవచ్చును. పోయిన మరల రానిది వేఱొకటి కలదు. పెద్ద మోడలునకు మన యభిరుచిని నేర్పుటకై లోరా యను చిన్న మోడళ్లను ఇంటనే తయారుచేసికొనుచున్నారు. 2021లో మైక్రోసాఫ్టు పరిశోధకులు భాషా మోడళ్లకై కనిపెట్టిన యీ విధానము తరువాత బొమ్మల మోడళ్లకును వచ్చినది. అత్తగారి ముగ్గుల నోటుపుస్తకమునుండియో, పుట్టింటివారి నేత పనినుండియో కొన్ని పదుల ఫోటోలు తీసి, రాత్రులు మేలుకొని నేర్పిన లోరా కొన్ని పదుల మెగాబైట్లు మొదలు కొన్ని వందల మెగాబైట్లలోపల నుండును. చూచుటకు గుప్పెడు సరకు. కాని యది యే భాండారమునను లేదు. ఆ ముగ్గులు వేసిన చేతులు మరల ముగ్గు వేయలేని యిండ్లును గలవు.

కావున సరకును రెండు తరగతులుగా విభజింపుడు. తెచ్చుకొనిన పెద్ద మోడళ్లకు ఒక ప్రతి చాలును. సొంతముగా చేసిన లోరాలకు, వానికి మూలమైన ఫోటోలకు, పూర్తిచేసిన బొమ్మలకు మూడు ప్రతులుండవలెను. అందొకటి మీ యింట గాక, తోబుట్టువు నింటనో నమ్మకమైన క్లౌడులోనో యుండవలెను. కంఫీయూఐ వంటి ప్రోగ్రాములు తాము గీసిన పీఎన్‌జీ బొమ్మలోనే అది యెట్లు గీయబడినదో యా వివరములను దాచును. ఆ బొమ్మను వాట్సాప్‌లో బొమ్మగా పంపి, అందుండి దింపుకొనినచో ఆ వివరములు పోవును. అందుచే అసలు ఫైలునే నకలు చేసి దాచవలెను.

తిరుగుడు పళ్లెముల హార్డు డిస్కు పనిచేయుచుండగా క్రిందపడినచో బ్రతుకుట దుర్లభము. ఎస్ఎస్‌డీ పడుటకు తాళును గాని, ఏండ్లతరబడి కరెంటు తగలక పెట్టెలో పడియున్నచో దానిలోని వ్రాత సన్నగిల్లవచ్చును. ఆవకాయ జాడీని నడుమ నడుమ తీసి చూచునట్లు, కొన్ని నెలల కొకసారి డ్రైవును తగిలించి, ఫైళ్లు తెఱచుకొనుచున్నవో లేవో చూడవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటవలన ఫలము లేదు.

మానమర్యాదల మాట

తుదకు చెప్పుచున్నను ఇది యెల్లవానికంటె ముఖ్యమైన విషయము. లోరాలు ముగ్గులనే గాక ముఖములను గూడ నేర్చుకొనును. వేడుకకై తమ ముఖమునో బిడ్డ ముఖమునో నేర్పినవారు గలరు. అట్టి డ్రైవు బస్సులో జాఱిపోయినను, మరమ్మతు దుకాణమున చిక్కినను, దానిని పొందినవాడు ఆ ముఖముతో తన యిష్టము వచ్చిన బొమ్మను సృష్టింపగలడు. ఫోటో పోయినచో నొక్క ఫోటోయే పోయినది. ముఖము నేర్చిన మోడలు పోయినచో ఇక పుట్టబోవు అసంఖ్యాకములైన దొంగ ఫోటోలకు అచ్చు పోయినట్లే.

కనుక అట్టివానికి తాళము తప్పనిసరి. విండోసు ప్రో కూర్పులో బిట్‌లాకర్ అను సాధనముతో వెలుపలి డ్రైవు నంతను సంకేతపదముతో బంధింపవచ్చును. అట్లు బంధించిన డ్రైవును విండోసు హోమ్ కూర్పుగల కంప్యూటరులోను సంకేతపదముతో తెఱచుకొనవచ్చును. మాక్‌లోను వెలుపలి డ్రైవును బంధించు సౌకర్యము కలదు. ఆ బంధమును విడిపించు తాళపుచెవి సంఖ్యను కాగితముమీద వ్రాసి, డ్రైవుతో కాక వేఱుచోట దాచవలెను. అది పోయినచో మీ సరకు మీకును దక్కదు. వాడుక ముగిసిన ముఖపు లోరాలను ప్రతులతో సహా తుడిచివేయుట యన్నింటికంటె మేలు. పరుల ముఖమును వారి యనుమతి లేక నేర్పుట తగదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

డ్రైవులో ప్రతి మోడలుతో పాటు దానిని వాడుకొనుటకైన షరతుల పత్రమునుగూడ ఒక ఫోల్డరులో నుంచుకొనుడు. ఫ్లక్స్ మోడళ్లలోనే ష్నెల్ అనునది వ్యాపారమునకు స్వేచ్ఛ నిచ్చు అపాచీ 2.0 షరతులతోను, డెవ్ అనునది వ్యాపారేతరమైన షరతులతోను వెలువడినవి. బొమ్మ లమ్మి నాలుగు రూపాయలు గడించు స్త్రీ ఈ భేదము నెఱిగి యుండుట మంచిది.

ఇల్లలుకగానే పండుగ కాదన్నట్లు, డ్రైవు కొనగానే భద్రత యేర్పడదు. తగిన ఫార్మాటు, మంచి తీగ, మారని అక్షరము, ఓపికతో తీయుట, సొంత పనికి మూడు ప్రతులు, ముఖములకు తాళము: ఈ యాఱును మఱవకుండిన చాలును. వీనిలో నేదియు ఇంజనీరుకు మాత్రమే తెలియు రహస్యము కాదు. ఈ ఆదివారము ఒక గంట తీరిక చేసికొని, మొట్టమొదట మీరు స్వయముగా చేసిన లోరాలను రెండవచోటికి నకలు చేయుడు. తక్కిన పనులు మెల్లగా చేసికొనవచ్చును.